సముద్రం మీదికి నెట్టిన ఉప్పు

ఉద్దానాన్ని పెద్ద తుపాను కొట్టిపోయిన మరుసటి వేసవిలో నన్ను పలాసకు వేశారు. పలాస నుంచి మందస వెళ్ళే దారిలో మెయిన్ రోడ్డు దిగి సముద్రం వైపు కొంత దూరం పోతే మా కంపెనీ బట్టల సబ్బుల ఫ్యాక్టరీ ఉండేది. నా హోదా చీఫ్ కెమిస్టు. పేరు పెద్దదే గాని, నా కింద ఉన్నది ఇద్దరు ల్యాబ్ అసిస్టెంట్లు మాత్రమే. నా పైన వర్క్స్ మేనేజరు, ఆయన పైన విశాఖపట్నంలో హెడ్డాఫీసు. సబ్బు నాణ్యతకు పూచీ నాది, ఫ్యాక్టరీ నడకకు పూచీ ఆయనది. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందన్న దగ్గరే మా ఇద్దరికీ చెడింది.

అప్పటికి నేను ఈ పరిశ్రమలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఆడమనిషికి ప్యాన్ హౌస్‌లో ఏం పని అన్న ప్రశ్న అన్ని ఊళ్ళలోనూ వినేసి ఉన్నాను కాబట్టి పలాసలో మళ్ళీ విన్నప్పుడు జవాబు చెప్పే శ్రమ తీసుకోలేదు.

ప్యాన్ హౌస్ అంటే సబ్బు ఉడికించే షెడ్డు. చిన్న గది పట్టేంత ఇనుప గంగాళాలు, మా భాషలో ప్యాన్లు, నేలలోకి దిగి ఉంటాయి, అడుగున ఆవిరి గొట్టాలుంటాయి. నూనెనూ కాస్టిక్ సోడా నీళ్ళనూ కలిపి ఉడికిస్తే సబ్బు అవుతుందని బళ్ళోనే చెబుతారు. బళ్ళో చెప్పనిది ఏమిటంటే, గంగాళంలో తయారయ్యేది సబ్బు ఒక్కటే కాదు. సబ్బు, గ్లిజరిన్, మిగిలిపోయిన కాస్టిక్, నూనెలోని మురికి, నీళ్ళు అన్నీ కలిసిపోయి జిగురు జావలా ఉంటాయి. ఆ జావలోంచి సబ్బును విడదీసేది ఉప్పు. మామూలు ఉప్పే. మాకు నౌపడ ఉప్పుమళ్ళ నుంచి లారీల్లో వచ్చేది.

సబ్బు మంచినీళ్ళలో కరుగుతుంది, చిక్కటి ఉప్పునీళ్ళలో కరగదు. ఉడుకుతున్న జావలో ఉప్పు వేస్తూ పోతే ఒక దశలో నీళ్ళు సబ్బును పట్టుకోలేక వదిలేస్తాయి. అంతవరకూ నున్నగా ఉన్న జావ గరుకెక్కి, పెరుగు విరిగినట్టు గింజ కడుతుంది. ఆవిరి ఆపేస్తే సబ్బు పైకి తేలుతుంది. గ్లిజరిన్, కాస్టిక్, మురికి, వేసిన ఉప్పు అన్నీ నీళ్ళతోపాటు అడుక్కి దిగుతాయి. ఆ అడుగు నీళ్ళను స్పెంట్ లై అంటారు. అడుగు గొట్టం విప్పి దాన్ని తీసేసి, సబ్బును మళ్ళీ ఉప్పునీళ్ళతో కడుగుతారు. మంచి సబ్బులో చివరికి ఉప్పు దాదాపు మిగలదు. అందుకే సబ్బు కొనేవాళ్ళెవరికీ అందులో ఉప్పు పాత్ర ఉందనే తెలియదు.

ఉప్పు ఎంత పడుతుందన్నది నూనెను బట్టి ఉంటుంది. తవుడు నూనె సబ్బు తొందరగానే విడిపోతుంది. కొబ్బరి నూనె సబ్బు మొండిది, ఎంతో చిక్కగా ఉప్పు పడితే గాని నీళ్ళను వదలదు. నేను వెళ్ళేసరికి మా గంగాళాల్లో మునుపెన్నడూ లేనంత కొబ్బరి నూనె పోస్తున్నారు. తుపానుకు ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. పడిపోయిన చెట్ల కాయలన్నీ ఒక్కసారిగా కురిడీలై చవగ్గా బజారుకొచ్చాయి. నూనె చవగ్గా దొరికింది. దానికి తగ్గట్టు ఉప్పు లారీలు పెరిగాయి. అడుగు నుంచి దిగే లై కూడా అంతకంత ఉప్పెక్కింది.

ఆ లైని ట్యాంకర్లలో విశాఖ వైపున్న గ్లిజరిన్ ప్లాంటుకు పంపాలి. అది రూలు, లాభం కూడా. తుపానుకు రోడ్లు తెగిపోయినప్పుడు ట్యాంకర్లు ఆగాయి. అప్పుడు ఫ్యాక్టరీ వెనక గోడ పక్కన ఒక గుంట తవ్వి, అడుగున రేకు గాని సిమెంటు గాని వెయ్యకుండా, లైని అందులోకి వదిలారు. రోడ్లు బాగయ్యాయి. ట్యాంకర్లు మాత్రం తిరిగి రాలేదు. వెళ్ళిన మొదటి వారంలోనే నేనా గుంట చూసి మేనేజరును అడిగాను. తాత్కాలిక ఏర్పాటన్నాడు. ఉద్దానం నేల ఇసక నేల, లై నిలవదు, ఇంకిపోతుందని చెప్పాను. చూద్దామన్నాడు.

చూడటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఉదయం గేటు దగ్గర గొడవ వినిపించి వెళ్ళాను. నలభై దాటిన ఆడమనిషి, నీళ్ళ క్యాను చంకనబెట్టుకుని, సెక్యూరిటీ వాణ్ణి దాటి లోపలికి వచ్చేసింది. పేరు అప్పలనరసమ్మ. ఊళ్ళో నరసమ్మ అంటారు. మా వెనక గోడ అవతల ఉన్న కొబ్బరితోట, జీడితోట ఆమెవి. భర్తకు కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కు తిరుగుతున్నాడు, సాగంతా ఆమే చూసుకునేది. తుపానుకు నిలబడిన కొబ్బరి చెట్లు ఇప్పుడు ఆకు చివర్ల నుంచి ఎండుకొస్తున్నాయని, బావి నీళ్ళు ఉప్పగా అయ్యాయని ఆమె ఫిర్యాదు.

మేనేజరు ఆమెను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. తుపానులో సముద్రం పొంగి లోపలికి వచ్చిందని, తీరం పొడుగునా బావులు అలాగే ఉప్పెక్కాయని, అది దైవాధీనమని చెప్పాడు.

నరసమ్మ కూర్చున్న చోటు నుంచి లేచింది.

"బాబూ, సముద్రం తూరుపునున్నాది. నా తోటలో సచ్చిపోతన్న సెట్లు పడమరనున్నాయి, మీ గోడ కాడ. తూరుపు సెట్లు నిక్షేపంలాగున్నాయి. సముద్రం మీ గేటు కాడ్నుంచొచ్చినాదేటి?"

ఆయన నవ్వి, భూగర్భంలో నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో మనకు తెలీదమ్మా అన్నాడు.

"నీకు తెలీదని సెప్పు, మనకని సెప్పకు" అని ఆమె క్యాను ఆయన టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వైపు చూసి, "నువ్వూ ఈళ్ళ మనిషివేనా అమ్మా?" అంది. అవునన్నాను. అది నిజమే.

క్యాను ఎవరూ ముట్టుకోకపోతే నేను ల్యాబుకు తీసుకుపోయాను. ఆ నీళ్ళతో చేతులు కడుక్కున్నాను. వేళ్ళు జారుతున్నాయి. సబ్బు రుద్దక ముందే సబ్బు పట్టినట్టున్నాయి. నాలుక చివర పెట్టుకుంటే ఉప్పదనం ఉంది, దానితోపాటు సున్నం కలిసినట్టు వగరు కూడా ఉంది. సముద్రం నీళ్ళు ఇలా ఉండవు. కాస్టిక్ సోడాతో ఎన్నో ఏళ్ళు పనిచేసిన చేతులకు ఆ జారుడేమిటో పరీక్ష అక్కర్లేకుండానే తెలుస్తుంది. అయినా పరీక్ష చేశాను. ఉప్పు నిండా ఉంది. క్షారం ఉంది. మెగ్నీషియం లేనట్టే.

మెగ్నీషియం సంగతి కాస్త వివరించాలి. సముద్రంలో ఉప్పు ఒంటరిగా ఉండదు. మెగ్నీషియం, కాల్షియం దాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. సముద్రం నీళ్ళు ఏ బావిలోకి దూరినా అవి కూడా వస్తాయి. మా లైలో అవి ఉండవు. ఉప్పుతో పాటు కొద్దో గొప్పో వచ్చిన మెగ్నీషియం కాస్టిక్‌తోనూ సబ్బుతోనూ గడ్డకట్టి గంగాళంలోనే విడిపోతుంది. అంటే ఈ రెండు ఉప్పునీళ్ళూ నాలుక్కి దాదాపు ఒకటే, కెమిస్టుకు ఒకటి కాదు.

పూర్తిగా తేల్చుకోవాలని సెలవు పెట్టి బారువ వెళ్ళాను. అక్కడ ఒడ్డుకు ఆనుకుని ఉన్న ఇళ్ళలోకి తుపానునాడు నిజంగానే సముద్రం వచ్చింది. ఎండుచేపలు ఆరబెడుతున్న ఒకామెను బావి నీళ్ళ గురించి అడిగాను.

"తాగడానికి సరే, బట్టలుతకడానికీ పనికిరావమ్మా" అంది. "సబ్బు రుద్దితే నురగ రాదు. పాలు ఇరిగినట్టు ఇరిగిపోతాది. గుడ్డకి తెల్లగా అంటుకుంటాది, ఒదల్దు."

ఆ మాటతో నా పని తేలికయింది. సముద్రం చేరిన నీళ్ళలో మెగ్నీషియం, కాల్షియం సబ్బును పట్టుకుని విరిచేస్తాయి. నరసమ్మ బావిలో ఉప్పున్నా అవి లేవు కాబట్టి సబ్బు విరగకూడదు. తిరిగొచ్చి ల్యాబులో చూశాను. విరగలేదు.

నరసమ్మ ఊరుకోలేదు. తహసీల్దారుకు అర్జీ పెట్టింది. ఆయన ఫ్యాక్టరీ వెనక తోటలోనే అందరి ముందూ విచారణ పెడతానని కబురు పంపాడు. అప్పుడు మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, చీఫ్ కెమిస్టుగా నేను అక్కడ నాలుగు మాటలు చెప్పాలన్నాడు. తుపాను వల్ల సముద్రపు నీరు భూగర్భంలోకి చొరబడిందని, ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే నీటిలో హాని చేసేదేమీ లేదని.

అది అబద్ధమన్నాను. ల్యాబులో ఏం తేలిందో చెప్పాను.

ఆయన అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. విషయం తెలిసిన టెక్నికల్ మనిషి. "మేడం, మీరు రైటే కావచ్చు. కానీ ప్యాన్లు ఆగితే ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళు ఆగుతాయో ఆలోచించారా? తోట ఒకళ్ళది. ఫ్యాక్టరీ ఊరందరిది" అన్నాడు.

ఊరందరిదీ అయితే ఊరందరి ముందూ నిజమే చెబుదామన్నాను. ఆ సాయంత్రమే ల్యాబు తాళాలు నా దగ్గర్నుంచి తీసుకున్నారు. అక్కడ చేసిన పరీక్షలు కంపెనీ ఆస్తి అని, బయట మాట్లాడితే చర్య తప్పదని చెప్పారు. నా అసిస్టెంట్లిద్దరినీ ప్యాకింగుకు మార్చారు.

అప్పుడు నాకు వచ్చింది భయం కాదు, కోపం. నేను తెలుసుకున్నదాన్ని తాళం వేసి ఆపవచ్చని వాళ్ళు అనుకోవడం నాకు నచ్చలేదు. సోడియం, మెగ్నీషియం ఏ కంపెనీ ఆస్తీ కాదు.

మేనేజరు చెప్పిన ఇళ్ళ మాట మాత్రం ఊరికే కొట్టిపారేయగలిగింది కాదు. ప్యాన్ హౌస్ చార్జిమ్యాన్ ఢిల్లేశ్వరరావు మర్నాడు నా దగ్గరకు వచ్చాడు. అందరూ ఢిల్లేసు అంటారు. షిఫ్టులో ప్యాన్లు, వాల్వులు, వెనక గేటు తాళం అతని చేతిలో ఉండేవి. నరసమ్మకు సొంత మరిది. ఇద్దరి ఇళ్ళకూ ఒకటే పెరడు.

"మేడంగోరూ, మా వొదినకి సెప్పలేక మీకు సెప్తన్నాను. ఆ సెట్లెలాగూ పోనాయి. మళ్ళీ ఏసుకుంటాం. ప్యాన్లాగిపోతే మేమంతా ఏటి సేత్తాం? జీడిపిక్కల బట్టీల కాడికి పోవాల. మీకైతే బదిలీ అవుతాది. మాకు బదిలీ నేదు."

"బావి కూడా మళ్ళీ వేసుకుంటారా?" అని అడిగాను.

అతను వెనక్కి తిరిగి వెళ్ళబోయాడు.

"ప్యాన్లు ఆపమని నేను అనడం లేదు. గుంట మూసి ట్యాంకర్లు పిలవమంటున్నాను. చివరి కడుగు ఉప్పునీళ్ళు పారబొయ్యకుండా తర్వాతి ప్యాన్ మొదటి కడుగుకు వాడుకుంటే ఉప్పు సగం మిగులుతుంది. ఇది నీకూ తెలుసు."

"తెలుసు" అన్నాడు. "మనం సెప్తే ఇన్నదెవరు?"

అతని మీద నాకు కోపం రాలేదు. కాని నా నిర్ణయమూ మారలేదు.

ల్యాబు లేదు, రిపోర్టు లేదు. విచారణలో నేను నోటితో ఏం చెప్పినా మేనేజరు నోటితోనే కాదంటాడు. పైగా ఉద్దానంలో నీళ్ళ పరీక్షలంటే జనానికి విసుగు. ఈ ఊళ్ళలో కిడ్నీ జబ్బు మొదలైనప్పటి నుంచీ ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్తూనే ఉన్నారు. నరసమ్మ మాటల్లో చెప్పాలంటే, "సీసాలట్టుకెల్లినోళ్ళే గాని మళ్ళీ వొచ్చి సెప్పినోళ్ళు నేరు." కాబట్టి నేను చేసేది ఊళ్ళో ఎవరి కళ్ళకైనా కనబడాలి, ఎవరైనా ఇంటికెళ్ళి మళ్ళీ చేసుకోగలగాలి. నా దగ్గర మిగిలింది ఒక్కటే, సబ్బు. నీళ్ళ కాఠిన్యం కనిపెట్టడానికి సబ్బునీళ్ళు వాడటం మా శాస్త్రంలో చాలా పాత పద్ధతి. పాతదైనంత మాత్రాన తప్పు కాదు.

విచారణ రోజు ఉదయమే నరసమ్మ తోట నిండిపోయింది. ఒకవైపు ఊరివాళ్ళు, ఇంకోవైపు మా ఫ్యాక్టరీ వర్కర్లు. వాళ్ళలో సగం మంది వీళ్ళకు బావలూ మావలే, అయినా ఆ రోజు కలిసి నిలబడలేదు. తహసీల్దారు వయసులో చిన్నవాడు, తొందరపడే మనిషి కాదు. వెంట నీళ్ళలో ఉప్పు శాతం చూపించే చేతిమీటరు పట్టుకుని ఒక అసిస్టెంటు వచ్చాడు.

మేనేజరు ముందు మాట్లాడాడు. సముద్రం, తుపాను, దైవాధీనం. తర్వాత నా వైపు చూపించి మా చీఫ్ కెమిస్టు కూడా ఉన్నారని చెప్పాడు. నేను ఎదురు తిరుగుతానని ఆయనకు తెలియక కాదు. అందరి ముందూ ఉద్యోగం పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధపడరన్న ధీమా.

నేను లేచి, మేనేజరు గారు చెప్పింది నిజం కాదని తహసీల్దారుతో చెప్పాను. నిజం కాదని ఇక్కడే చూపిస్తానన్నాను.

తహసీల్దారును అడిగి ఆయన మనిషి చేతే మోటార్ సైకిల్ మీద సముద్రం నీళ్ళు తెప్పించాను, తర్వాత ఎవరూ అనుమానపడకుండా. నరసమ్మ బావిలోంచి బాల్చీ నీళ్ళు తోడింది. మీటరు పెడితే సముద్రం నీళ్ళలో ఉప్పు చాలా ఎక్కువ చూపించింది. అలాగే పోల్చడం న్యాయం కాదని, సముద్రం నీళ్ళలో తాగే నీళ్ళ టిన్ను లోంచి నీళ్ళు కలుపుతూ రెండింటిలోనూ మీటరు ఒకే అంకె చూపించే వరకూ పలచన చేయమని అసిస్టెంటుకు చెప్పాను. అతను చేశాడు. వాటిని చెరో సీసాలో పోయించాను. ఇప్పుడు రెండు సీసాల్లోనూ ఉప్పు సమానం. తేడా అల్లా ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

అప్పుడు మేనేజరు ముందుకొచ్చి, జేబులోంచి ఒక సబ్బు తీసి నా చేతిలో పెట్టాడు. "మా ఫ్యాక్టరీ సబ్బే కదా మేడం, దీంతో చూపించండి" అన్నాడు.

తెల్లటి బిళ్ళ. ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసిపోయింది, అది పూర్తిగా కొబ్బరి నూనె సబ్బు. చెప్పాను కదా, ఆయన విషయం తెలిసిన మనిషి. గంగాళంలో ఉప్పుకు లొంగని కొబ్బరి సబ్బు బాల్చీలోనూ లొంగదు. సముద్రం నీళ్ళలో కూడా నురగ ఇస్తుంది. ఓడల్లో వాళ్ళు ఒకప్పుడు అలాంటి సబ్బే వాడేవారు. దాంతో చేస్తే రెండు సీసాల్లోనూ నురగ వస్తుంది, నేను అందరి ముందూ తెల్లమొహం వేస్తాను.

సబ్బును పైకెత్తి అందరికీ చూపించాను. "ఇది కొబ్బరి నూనె సబ్బు. ఇది సముద్రం మధ్యలో రుద్దినా నురగొస్తుంది. ఆ సంగతి మా మేనేజరు గారికి తెలుసు, అందుకే తెచ్చారు. దీంతో ముందు చేసి చూపిస్తాను, తర్వాత మీ ఇళ్ళల్లో వాడే సబ్బుతో చేస్తాను" అన్నాను.

చేశాను. రెండు సీసాలూ నురగెత్తాయి. వెనక ఎవరో నవ్వారు. తహసీల్దారు నవ్వలేదు, కానివ్వండి అన్నాడు. ఊళ్ళో కిరాణా కొట్టు నుంచి పసుపు బార్ తెమ్మన్నాను. అదీ మా ఫ్యాక్టరీదే, తవుడు నూనె, పామాయిలు సబ్బు. దాన్ని మంచినీళ్ళలో కరిగించి, కడిగిన రెండు కొత్త సీసాల్లో ఆ రెండు నీళ్ళూ మళ్ళీ పోసి, సబ్బునీళ్ళు సమానంగా కలిపి, ఒకటి తహసీల్దారు చేతికి, ఒకటి నరసమ్మ చేతికి ఇచ్చి ఊపమన్నాను.

తహసీల్దారు చేతిలోది సముద్రం నీళ్ళు. ఎంత ఊపినా నురగ నిలవలేదు. తెల్లటి తునకలు తేలాయి. నరసమ్మ సీసా మూతి దాకా నురగ నిండింది.

"ఇరగనేదు" అంది ఆమె. గట్టిగా కూడా అనలేదు.

ఎందుకో చెప్పాను. సముద్రం వచ్చి ఉంటే ఈ బావిలో కూడా సబ్బు విరిగి ఉండేదని, ఈ బావిలో ఉన్నది సముద్రం తాలూకు ఉప్పు కాదని, గోడ అవతలి గుంటలో నీళ్ళు కూడా ఇలాగే పరీక్షిస్తే ఆ ఉప్పు ఎక్కడిదో అందరికీ తెలుస్తుందని. మేనేజరు అడ్డొచ్చి, అది కంపెనీ స్థలమని, హెడ్డాఫీసు అనుమతి లేనిదే ఎవరినీ రానివ్వనని అన్నాడు. వెనక గేటు తాళం కూడా తన దగ్గర లేదన్నాడు.

వర్కర్ల గుంపు కదిలింది. అందులోంచి ఢిల్లేసు బయటికొచ్చాడు.

"తాళం నా కాడుంది సార్."

"ఢిల్లేశ్వరరావ్, నువ్వు డ్యూటీలో ఉన్నావు" అన్నాడు మేనేజరు.

"డ్యూటీలోనే ఉన్నాను. ఆ గుంటలోకి వాల్వు తిప్పినోణ్ణి నానే. నీళ్ళూ నానే తెత్తాను."

వెనక గేటు తీసి, గుంటలోంచి బాల్చీ ముంచి, మోసుకొచ్చి మా మధ్య పెట్టాడు. వదిన వైపు చూడలేదు. ఆమె మాత్రం అతన్నే చూస్తూ నిలబడింది. గుంట నీళ్ళు చిక్కటి గోధుమ రంగులో ఉన్నాయి. మీటరు మళ్ళీ అదే అంకె చూపించే వరకూ పలచన చేసి, పసుపు బార్ నీళ్ళు కలిపి, ఈసారి సీసా వర్కర్లలో ఒకరి చేతికిచ్చాను. నురగ మూతి దాకా వచ్చింది, నరసమ్మ బావి నీళ్ళలో వచ్చినట్టే.

ఇక ఎవరూ నవ్వలేదు. తహసీల్దారు గుంటను మూసేయమని, మూడు చోట్ల నీళ్ళూ సీలు వేసి పరీక్షకు పంపమని అక్కడే చెప్పాడు. బయటికి వెళ్ళే దారిలో మేనేజరు నా పక్కన నడుస్తూ, "మీరు చేసింది కెమిస్ట్రీ కాదు మేడం, ద్రోహం" అన్నాడు. నేను చేసింది కెమిస్ట్రీయేనని, రెండో పని చేసిందెవరో ఆయనే తేల్చుకోవాలని చెప్పాను.

తర్వాత జరిగింది అంత ఇంపుగా లేదు. పరీక్షల ఫలితం వచ్చే వరకూ ప్యాన్లు ఆగాయి. ఢిల్లేసు భయపడినట్టే వర్కర్లు చాలామంది జీడిపిక్కల ఫ్యాక్టరీలకు పోయారు. పలాస స్టేషను దగ్గర ఆటో కోసం నిలబడితే, ప్యాకింగులో పనిచేసే ఒకామె, "మీ సదువు మా పొట్ట మీద కొట్టినాది" అని మొహం మీదే అంది. ప్యాన్లు ఆగడానికి కారణం గుంట తవ్వినవాళ్ళే గాని బయటపెట్టినవాళ్ళు కాదని నేను నమ్ముతాను. ఇంటికి బియ్యం తెచ్చుకోవలసిన మనిషికి ఆ తేడా పట్టదు.

హెడ్డాఫీసు నన్ను ఒరిస్సాలో గోడౌను డ్యూటీకి వేసింది. విచారణ పూర్తయ్యే దాకా కదలనని రాశాను. కదలకపోతే ఉద్యోగం ఉండదన్నారు. రాజీనామా ఇచ్చి, పలాసలోనే గది తీసుకుని, పిలిచిన ప్రతిసారీ వెళ్ళి నా అంతట నేనే సాక్ష్యం చెప్పాను. కంపెనీ లాయరు నన్ను మాజీ ఉద్యోగి, కక్షతో మాట్లాడుతోంది అన్నాడు. కక్ష ఉందని ఒప్పుకున్నాను. కక్ష ఉంటే మెగ్నీషియం మాయమైపోదని కూడా చెప్పాను.

సీలు వేసి పంపిన సీసాల ఫలితం మేం తోటలో చూసినదానికి భిన్నంగా రాలేదు. గుంటలోని లైని తోడించేశారు, ట్యాంకర్లు తిరిగి వచ్చాయి. సిమెంటు తొట్టి కట్టాక ప్యాన్లు మొదలయ్యాయి. చివరి కడుగు నీళ్ళను తిరిగి వాడే పద్ధతి కూడా పెట్టారని, దాన్ని మేనేజరు తన ఆలోచనగా హెడ్డాఫీసుకు చెప్పుకున్నాడని విన్నాను. చెప్పుకోనివ్వండి. ఉప్పు తగ్గింది కదా.

ఢిల్లేసును పనిలోకి మళ్ళీ తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు. మిగతా ప్యాన్ మనుషులు అతను లేకుండా ఆవిరి విప్పేది లేదని కూర్చుంటే తీసుకున్నారు. ఆ మాట నాకు చెప్పింది నరసమ్మ. "మా మరిదిని ఒగ్గేత్తే ఊరుకుంటామేటి?" అంది. గోడ పక్కన ఆమె చెట్లు చనిపోయాయి. వాటిని కొట్టించి, కొన్ని వర్షాలు నేలను కడిగాక మళ్ళీ మొక్కలు వేసింది. బావి నీళ్ళు చెట్లకు పనికొచ్చాయి గాని, ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ వాటిని తాగలేదు. తాగమని నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత నాకు చాలాకాలం ఉద్యోగం దొరకలేదు. సబ్బుల పరిశ్రమ చిన్నది, కబురు తొందరగా పాకుతుంది. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళు నన్ను ప్రశ్నలడగక ముందు నేనే, మీ లై ఎక్కడికి పోతుంది, చూపించండి అని అడిగేదాన్ని. చాలామంది చూపించలేదు, ఉద్యోగమూ ఇవ్వలేదు. చూపించిన చోట చేరి, రిటైరయ్యే వరకూ పనిచేశాను.

ఉద్దానం నాకు నేర్పిన విషయం ఒక్కటే. చదువుకున్న రోజుల్లో ఉప్పు పని సబ్బును విడదీయడంతో అయిపోతుందనుకునేదాన్ని. అక్కడితో అయిపోయేది సబ్బు పని. ఉప్పు అరిగిపోయేది కాదు, ఎంత వేస్తే అంతా ఎక్కడో ఒక చోట ఉంటుంది. అది ఎక్కడుందో చూపించలేని కెమిస్టు, తయారుచేసిన సబ్బు ఎంత శుద్ధంగా ఉన్నా, పని పూర్తిచేసినట్టు కాదు.